పాల ట్యాంకర్ నుంచి పెట్రోల్ ట్యాంకర్‌కి: హజార్డస్ లైసెన్స్ తీసినవాళ్లు చెప్పండి

పుత్తూరు కుర్రోడు:
అన్నలూ, తొమ్మిదేళ్లుగా చిత్తూరు-చెన్నై రూట్లో పాల ట్యాంకర్ తోలుతున్నాను. ఇప్పుడొక ఓనర్ పెట్రోల్ బండి ఇస్తానంటున్నాడు. హెవీ లైసెన్స్ ఉంది, హజార్డస్ (పెట్రోల్, యాసిడ్ లాంటి ప్రమాదకర సరుకు తోలే అనుమతి) లేదు. ఏజెంటేమో "క్లాసుకి పోనక్కర్లేదు, డబ్బు కడితే సర్టిఫికెట్ ఇంటికొస్తుంది" అంటున్నాడు. ఏం చేయమంటారు?

రేణిగుంట ట్యాంకర్:
తమ్ముడూ, ఆ ఏజెంట్‌కో దణ్ణం పెట్టి ఇవతలికి రా. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 9వ రూల్ ఇదే. గుర్తింపు ఉన్న సంస్థలో మూడు రోజుల ట్రైనింగ్, ఆ సర్టిఫికెట్‌తో ఆర్టీవో ఆఫీసులో అప్లై చేస్తే లైసెన్స్ మీద ఎండార్స్‌మెంట్, అంటే ఆ అనుమతి నమోదు చేస్తారు. మునుపు ఏడాదికోసారి రెన్యువల్ ఉండేది, 2019లో చట్టం మారాక మూడేళ్లు. తెలుగుతో పాటు ఇంగ్లీషు కూడా చదవడం, రాయడం రావాలి.

మొగిలి ఘాట్ మనిషి:
ఇంటికొచ్చిన సర్టిఫికెట్ బాపతు నేనే. సల్ఫ్యూరిక్ యాసిడ్ లోడుతో మొగిలి ఘాట్ దిగుతుంటే వెనక కారువాడు హారన్ కొట్టి ఆపించాడు. వాల్వ్ కారుతోంది. వాన పడి తడిసిన రోడ్డు మీద చుక్క పడ్డచోటల్లా సుయ్యిమంటోంది. క్లీనర్ నీళ్ల క్యాన్ ఎత్తేశాడు, నేనే ఎత్తమన్నాను! వెనక బండి ముసలి డ్రైవరన్న పరుగున వచ్చి క్యాన్ లాక్కున్నాడు. ఈ యాసిడ్ మీద నీళ్లు పోస్తే వేడెక్కి మొహాన చిందుతుందట. పొడి మట్టి వేయించి, ట్రాఫిక్ ఆపించి, "ట్రెమ్ కార్డు ఏదిరా?" అన్నాడు. లోడులో ఉన్న కెమికల్ ఏంటో, లీకైతే ఏం చేయాలో రాసుండే కాగితం అది. క్యాబిన్లో వెతికి ఇచ్చాను. అది కిందటి లోడుది, వేరే కెమికల్. ప్యాంటు అంచుకు పడిన చిల్లులు ఇంటికొచ్చాక చూసుకున్నాను.

శ్రీసిటీ సేఫ్టీ:
ఆ కార్డు తప్పు మీ ఒక్కరిదే కాదండీ. 131వ రూల్ ప్రకారం సరుకు పంపేవాళ్లు వివరాలు సరిగ్గా ఇవ్వాలి. 132 ప్రకారం అవి రాతపూర్వకంగా డ్రైవర్‌కి అందేలా ఓనర్ చూడాలి. 133 డ్రైవర్‌ది: ఆ కాగితం క్యాబిన్లో చేతికందేలా ఉండాలి, బండి ఆపినా విషయం తెలిసిన, 18 ఏళ్లు దాటిన మనిషి దగ్గరుండాలి. దాబా దగ్గర పదిహేనేళ్ల పిల్లాణ్ణి కాపలా పెట్టి మంచమెక్కేవాళ్లను చూస్తూనే ఉన్నాను. లోడు మారితే బండి మీద బోర్డు కూడా మారాలి. దాని మీద సరుకును గుర్తుపట్టే యూఎన్ నంబర్ ఉంటుంది: యూఎన్ 1203 అంటే పెట్రోల్, 1830 అంటే ఈ యాసిడ్. ఫైర్ వాళ్లు మొదట చూసేది ఆ అంకెనే.

రేణిగుంట ట్యాంకర్:
పాల బండి నుంచి వస్తున్నావు కాబట్టి ఇంకోటి. పాల ట్యాంకర్ ఖాళీ అయితే కడుక్కుని పోతాం. పెట్రోల్‌ది ఖాళీ అయ్యాకే నాకు ఎక్కువ భయం. లోపల మిగిలేది ఆవిరి. అది గాలికన్నా బరువు, నేలబారున పాకిపోయి ఎక్కడో బీడీ దగ్గర అంటుకుంటుంది. బంకులో ముందు ఎర్తింగ్ క్లిప్ (నిప్పురవ్వ రాకుండా బండిలోని స్టాటిక్ కరెంటును నేలలోకి పంపేది), తరువాతే హోస్. క్లిప్ పెయింట్ మీద పెడితే పెట్టనట్టే, ఇనుముకు తగలాలి. క్లాసులో మా సారు పెయింట్ గీకి మరీ చూపించారు.

పుత్తూరు కుర్రోడు:
ఏజెంట్‌కి వద్దని చెప్పేశాను. ఓనర్‌ని ట్రెమ్ కార్డు గురించి అడిగితే "అదేం కార్డు, ఏటీఎమ్మా?" అన్నాడు. క్లాసుకైతే పోతాను. బండి ఆయన దగ్గరే ఎక్కాలా అన్నది తరువాత చూస్తాను. ఇంగ్లీషు రాయడమే కాస్త టెన్షన్.

మొగిలి ఘాట్ మనిషి:
నేనూ మళ్లీ కూర్చుంటాను, ఈసారి నిజంగా. డేట్ తెలిస్తే ఇక్కడే పెట్టు.