కోల్ట్రేన్ తొలి ఆల్బమ్‌కు ముప్పై ఏళ్లు ఎందుకు పట్టింది?

నిషాదం (ప్రశ్న):
ఆల్టో శాక్సఫోన్ వాద్యకారుడు చార్లీ పార్కర్ పాతికేళ్లకే జాజ్‌ను మలుపు తిప్పారు. 1926లో పుట్టిన మరో శాక్సఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ నాయకత్వంలో తొలి ఆల్బమ్ మాత్రం 1957లో గానీ రికార్డు కాలేదు. అంతకుముందు పదేళ్లకు పైగా ఆయన ఏం చేశారో, ఆ ఎదుగుదల ఏ రికార్డుల్లో వినిపిస్తుందో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మంద్రస్థాయి:
దాన్ని ఆలస్యం అనడం కన్నా సుదీర్ఘ శిష్యరికం అనడం న్యాయం. 1943లో ఫిలడెల్ఫియా చేరిన కోల్ట్రేన్ అప్పట్లో వాయించినది ఆల్టో శాక్సఫోన్. 1945లో అక్కడే పార్కర్ కచేరీ విన్నాక ఆ బాణీ ఆయనను పూర్తిగా ఆవహించింది. మరుసటి ఏడాది, నౌకాదళ సేవలో హవాయిలో ఉండగా తోటివారితో చేసిన రికార్డింగులో ఆ అనుకరణ దాచినా దాగదు. తర్వాత ఎడ్డీ విన్సన్ బృందంలో చేరినప్పుడు, విన్సన్ స్వయంగా ఆల్టో వాద్యకారుడు కావడంతో, కోల్ట్రేన్ టెనర్ (ఆల్టో కన్నా కింది స్థాయిలో పలికే శాక్సఫోన్) పట్టవలసి వచ్చింది. ఉద్యోగం కోసం జరిగిన ఆ మార్పే పార్కర్ నీడ నుంచి బయటపడేందుకు దారి చూపిందని నా అభిప్రాయం. ట్రంపెట్ వాద్యకారుడు డిజీ గిలెస్పీ పెద్ద బృందంలో మళ్లీ ఆల్టోకు వెళ్లినా, 1950లో అది రద్దయి చిన్న బృందంగా మారాక టెనరే స్థిరపడింది. ఇక బార్లలో పొట్టకూటికి వాయించిన రిథమ్ అండ్ బ్లూస్ గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు.

తానవర్ణం:
మంద్రస్థాయి గారు హెరాయిన్ వ్యసనం ప్రస్తావన తేలేదు. 1955లో ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ తన బృందంలోకి పిలిచి చోటిచ్చినా, 1957 వసంతంలో ఆ వ్యసనం కారణంగానే తీసేశారు. కోల్ట్రేన్ ఫిలడెల్ఫియాలోని ఇంట్లో ఉండి దాన్ని మానుకున్నారు; మే 31న తన పేరిట తొలి ఆల్బమ్‌కు రికార్డింగు చేశారు; ఆ వేసవిలోనే న్యూయార్క్‌లోని ఫైవ్ స్పాట్ అనే జాజ్ క్లబ్బులో పియానో వాద్యకారుడు థెలోనియస్ మంక్ పక్కన నిలబడ్డారు. మంక్ పాట మధ్యలో పియానో వదిలి లేచిపోయేవారు. అప్పుడు బేస్, డ్రమ్స్ తప్ప ఆసరా లేని కోల్ట్రేన్, స్వరసంగతుల (కార్డ్స్) ఆధారాన్ని తన వాద్యంతోనే వినిపించవలసి వచ్చేది. మరుసటి ఏడాది ఆయన వాద్యంలో విమర్శకులు గుర్తించిన, స్వరాలు వేగంగా ఒకదానిపై ఒకటి దొర్లే దట్టమైన ధారకు ఇంతకు మించిన సాధన ఏముంటుంది?

నిషాదం:
ఇద్దరికీ ధన్యవాదాలు. అయితే దేనితో మొదలుపెట్టమంటారు?

మంద్రస్థాయి:
హవాయి రికార్డింగుతో మాత్రం వద్దు, అది చరిత్ర కోసం వినవలసినది. మైల్స్ బృందంతో 1956లో ప్రెస్టీజ్ రికార్డుల సంస్థకు చేసిన రికార్డింగులు ముందు వినండి. ఆపైన మంక్‌తో 1957 నవంబరులో కార్నెగీ హాల్‌లో చేసిన కచేరీ వినండి. ఆ టేపు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో 2005లో బయటపడింది. రెండింటి మధ్య రెండేళ్లు కూడా లేవంటే నమ్మడం కష్టం.