ఆగి ఉన్న లారీల మీద పీహెచ్‌డీ చేయొచ్చా?

మునగాల అమ్మాయి:
అందరికీ నమస్కారం. వరంగల్‌లో ట్రాన్స్‌పోర్టేషన్ ఇంజినీరింగ్‌లో ఎంటెక్ పూర్తి చేశాను. రోడ్డు ప్రమాదాల దర్యాప్తు మీద పీహెచ్‌డీ చేయాలని ఉంది.

మా నాన్న ఇరవై రెండేళ్లు లారీ నడిపారు. 2016లో ఒక రోజు తెల్లవారుజామున మూడున్నరకి, విజయవాడ హైవే మీద ఆగి ఉన్న లారీని వెనక నుంచి గుద్దారు. క్లీనర్ అక్కడికక్కడే చనిపోయాడు. నాన్నకి కాలు పోయింది. ఎఫ్‌ఐఆర్‌లో ఉన్నది ఒక్కటే ముక్క: అతివేగంగా, అజాగ్రత్తగా నడిపాడని. నిర్లక్ష్యంతో చావుకి కారణమయ్యాడని 304-ఎ కేసు. ముందు లారీ పంక్చరై రోడ్డు మీదే నిలబడిందని, వెనక లైట్లు లేవని, కనీసం చెట్టు కొమ్మ కూడా అడ్డం పెట్టలేదని ఎక్కడా రాయలేదు. "కనపడలేదమ్మా" అని నాన్న ఇప్పటికీ అంటారు. నేను నమ్ముతాను. కానీ కూతురు నమ్మితే చాలదు కదా.

ఒక ప్రొఫెసర్‌ని అడిగితే ఇది మరీ చిన్న టాపిక్ అన్నారు. నిజమేనా? ఇక్కడే చేయాలా, బయటికి వెళ్లాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

సివిల్ మాస్టారు:
చిన్న టాపిక్ కాదమ్మా. 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. కేంద్ర రవాణా శాఖ ఏటా వేసే నివేదికలో ఆగి ఉన్న వాహనాన్ని గుద్దడానికి విడిగా ఒక గడి ఉంటుంది. ఆ గడి వెనకాల ఏముందో చెప్పేవాళ్లే తక్కువ.

ముందు లెక్క చూడు. 80 కిలోమీటర్ల వేగంలో సెకనుకి 22 మీటర్లు పోతాం. కంటికి కనపడి కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి రెండున్నర సెకన్లు పడుతుందని మన రోడ్డు డిజైన్ లెక్కల్లో తీసుకుంటారు. అంటే 55 మీటర్లు అక్కడే అయిపోయాయి. బ్రేకు పట్టాక ఆగడానికి ఇంకా 65, 70 మీటర్లు. మొత్తం 120 దాటుతుంది. డిమ్‌లో పెట్టిన హెడ్‌లైటు వెలుతురులో లైట్లు లేని, దుమ్ము పట్టిన లారీ వెనక డాలా (తలుపు పలక) అంత దూరం నుంచి కనపడుతుందా? మీ నాన్నగారి మాటని రుజువు చేయడమంటే ఈ దూరాన్ని కొలవడమే. ఆ చోటికి అదే వేళకి వెళ్లి కొలువు.

నేను నలభై దాటాక పీహెచ్‌డీ చేశాను. రెండేళ్లు పోలీస్ స్టేషన్ల చుట్టూ తిరిగి ఎఫ్‌ఐఆర్‌లు, పంచనామాలు రాసుకున్నాను. ప్రమాదం జరిగిన చోటు అన్నదగ్గర "గ్రామ శివారు" అని ఉండేది. శివారంటే రెండు కిలోమీటర్లు ఉండొచ్చు! ఇప్పుడు ఐఐటీ మద్రాస్ తయారు చేసిన ఐరాడ్ అనే ప్రమాదాల డేటాబేస్‌లో పోలీసులు అక్కడి నుంచే లొకేషన్, ఫోటో ఎక్కిస్తున్నారు కాబట్టి నీకు ఆ బాధ తక్కువ. ఐఐటీ ఢిల్లీలో రోడ్డు భద్రత పరిశోధకులు దినేశ్ మోహన్ గారు నిలబెట్టిన ట్రిప్ కేంద్రం ఈ పనికే ఉంది. అక్కడా, మద్రాస్‌లోనూ అడుగు.

పాత ఎంవీఐ:
మాస్టారు కాగితాల సంగతి చెప్పారు, నేను వాహనం సంగతి చెబుతాను. ఎంవీఐ అంటే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్, ప్రమాదం తర్వాత బండిని పరీక్షించేది మేమే. మా రిపోర్టు చివర "మెకానికల్ లోపం వల్ల జరిగింది కాదు" అని రాసి సంతకం పెడతాం. బ్రేకు, స్టీరింగ్ బాగుంటే అంతే. వెనక లైటు వెలుగుతోందా లేదా అన్నది చాలాసార్లు ఎవరూ అడగరు. పాత రకం బల్బైతే అది తనే చెబుతుంది. దెబ్బ తగిలినప్పుడు వెలుగుతూ ఉంటే లోపలి తీగ వేడికి మెత్తబడి స్ప్రింగులా సాగిపోతుంది. ఆరి ఉంటే సాగదు, తెగితే పుటుక్కున తెగుతుంది, చివర మెరుస్తుంది. భూతద్దంలో చూస్తే తెలిసిపోతుంది. ఎల్‌ఈడీలకి ఇది పనికిరాదు. సర్వీసులో ఉండగా ఇలా విప్పి చూసిన బల్బులు చాలా తక్కువ, ఆ బాధ నాకుంది. నువ్వు చూడమ్మా.

సికింద్రాబాద్ రైల్వే:
బయటికి వెళ్లాలంటే ఇంగ్లండ్‌లో క్రాన్‌ఫీల్డ్ యూనివర్సిటీ ఉంది. విమానం, రైలు, ఓడ ప్రమాదాల దర్యాప్తు నేర్పిస్తారు. అక్కడ నేర్పే మొదటి సంగతి విమానాలకి అంతర్జాతీయ నియమంగానే ఉంది: దర్యాప్తు మళ్లీ జరగకుండా చూడటానికే, తప్పు ఎవరిదో తేల్చడానికి కాదు. మా దగ్గర 2023 అక్టోబరులో కంటకాపల్లి దగ్గర రెండు ప్యాసింజర్లు గుద్దుకుని 14 మంది పోతే రైల్వే భద్రతా కమిషనర్ విచారించారు. ఆయన రైల్వే శాఖ కింద ఉండరు, పౌర విమానయాన శాఖ కింద ఉంటారు. రోడ్డుకి అలాంటి వేరే సంస్థ లేదు. కేసు కట్టే పోలీసే కారణమూ రాయాలి. మీ పరిశోధనకి అసలు ప్రశ్న ఇక్కడ ఉందని నాకు అనిపిస్తుంది.

మునగాల అమ్మాయి:
అందరికీ చాలా థ్యాంక్స్. ఎంవీఐ గారు రాసింది నాన్నకి చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఆ లారీ బల్బు ఎవరూ విప్పలేదు" అన్నారు. సోమవారం ఎస్పీ ఆఫీసుకి డిపార్ట్‌మెంట్ లెటర్ తీసుకెళ్తున్నాను. మాస్టారూ, మూడేళ్ల ఎఫ్‌ఐఆర్‌లు అడిగితే సరిపోతుందా, ఐదేళ్లవి అడగమంటారా?