వెల్లుల్లి ఆకుల మీద నారింజ రంగు పొడి, ఇది రస్టేనా (తుప్పు తెగులు)? పీకెయ్యాలా ఉంచాలా?

రెడింగ్ పెరడు:
అందరికీ నమస్తే. మేం యూకేలో రెడింగ్ దగ్గర ఉంటాం. బ్యాక్ గార్డెన్ లో రెయిజ్డ్ బెడ్ లో అక్టోబర్ చివర్లో వెల్లుల్లి రెబ్బలు పెట్టా, చలికాలం అంతా ఏ గొడవా లేదు, ఏప్రిల్ లో అయితే ఆకులు చూసి పక్కింటావిడ కూడా మెచ్చుకుంది. మే ఆఖర్లో ఆకుల మీద చిన్న చిన్న నారింజ చుక్కలు కనిపిస్తే పుప్పొడి రాలిందేమో అనుకుని వదిలేశా, ఇప్పుడు జూన్ మొదటి వారం, ఆకు పొడుగునా పొక్కులు లేచాయి, వేలితో రాస్తే పసుపులో కుంకుమ కలిపినట్టు పొడి అంటుకుంటోంది, నీళ్ళు పోసి వస్తే ప్యాంటుకి కూడా అదే. ఒకటి పీకి చూశా, రెబ్బలు విడివడుతున్నాయి కానీ గడ్డ ఇంకా చిన్నదే. ఏదైనా మందు కొట్టొచ్చా? ఆ గడ్డలు తినొచ్చా? అమ్మ ఇక్కడే ఉంది, ఆ ఆకులు కోసి పప్పులో వేస్తానంటే ప్రస్తుతానికి ఆపాను 😀

అలాట్‌మెంట్ బాబాయ్:
రస్టే అమ్మా, అనుమానం అక్కర్లేదు. ఈ దేశంలో వెల్లుల్లి వేసేవాళ్ళకి ఇది మామూలే, మా అలాట్‌మెంట్ లో (కూరగాయలు పెంచుకోడానికి అద్దెకిచ్చే మడుల స్థలం) ఏటా జూన్ వచ్చేసరికి ఎవరి మడి చూసినా ఇదే రంగు. కంగారుపడి పీకెయ్యొద్దు. అది ఆకుకి పట్టే తెగులు, గడ్డలోకి దిగదు, గడ్డ నిక్షేపంగా తినొచ్చు. ఆకు దెబ్బతింటే గడ్డ ఊరదు కాబట్టి సైజు తగ్గుతుంది, నష్టం అంతే. ఆకులు పప్పులో వేసినా విషమేం కాదు గానీ ఆ పొడి కడిగినా పూర్తిగా పోదు, అమ్మగారికి బాగున్న ఆకులు ఏరి ఇవ్వు.

గోదారి పిల్ల:
అక్కా పుల్లటి మజ్జిగ కొట్టి చూడు, మా నాన్న మిరపకి కూరగాయలకి అదే కొడతాడు, నాలుగైదు రోజులు పులిసిన మజ్జిగ నీళ్ళలో కలిపి. లేకపోతే వేపనూనె ఉంది కదా, అక్కడ ఆన్‌లైన్ లో దొరుకుతుంది అనుకుంటా.

అగ్రి బీఎస్సీ:
మజ్జిగ మీద నాకు పగ లేదు గానీ ఈ దశలో దేనివల్లా లాభం లేదండీ. పొక్కు పగిలి పొడి రాలుతోంది అంటే శిలీంధ్రం అప్పటికే ఆకు లోపల తిష్ఠ వేసుకుని ఉంది, పైన ఇలాంటివి ఏం చల్లినా లోపలికి పోదు. ఇంకోటి, వెల్లుల్లి ఆకు మీద మైనం పూత ఉంటుంది, నీళ్ళు చల్లి చూడండి, ముత్యాల్లా జారి కింద పడతాయి, సబ్బు లాంటిదేదైనా కలపకపోతే మందు ఏదైనా నేలకే. యూకేలో అయితే వేపనూనెని ఆకులు మెరవడానికని అమ్ముతారు తప్ప తెగులు మందుగా దానికి అనుమతి లేదు, ఇంటి తోటల్లో తినే వెల్లుల్లి మీద రస్ట్ కి కొట్టుకునే మందు కూడా అక్కడ లేదు.

ఇది పుక్సీనియా జాతి శిలీంధ్రం, మన వేరుశనగ తుప్పు తెగులుకి చుట్టం, కాకపోతే దానిదీ దీనిదీ వేరు వేరు, ఒకదాని నుంచి ఇంకోదానికి రాదు. 10 నుంచి 15 డిగ్రీల చలి, గాల్లో పూర్తి తేమ, అలా ఓ 4 గంటలు ఉంటే చాలు ఆకులోకి దిగిపోతుంది, అంటే ఇంగ్లండ్ లో మే నెల రాత్రుళ్ళు దానికి పండగే. ఎండలు 24 డిగ్రీలు దాటితే నెమ్మదిస్తుంది. జోరు వానకి పెరుగుతుంది అనుకుంటారు చాలామంది, నిజానికి ఆ పొడి నీళ్ళలో మునిగితే బతకదు, మంచు పడి గాలి ఆడని రోజులే ప్రమాదం. ఎరువు ఏం వేశారు? పక్కన ఉల్లి జాతివి ఇంకేమైనా ఉన్నాయా?

రెడింగ్ పెరడు:
మార్చిలో ఒకసారి ఏప్రిల్ లో ఒకసారి చికెన్ మాన్యూర్ పెల్లెట్లు వేశానండీ, ప్యాకెట్ మీద రాసినంతే. పక్క కుండీలో చైవ్స్ (సన్నటి ఉల్లికాడల్లాంటివి) ఉన్నాయి, ఇప్పుడు మీరు అడిగాక వెళ్ళి చూస్తే వాటి కింద ఆకుల మీద కూడా రెండు మూడు నారింజ మచ్చలు 😐 కంచె అవతల వాళ్ళ లీక్స్ (లావు కాడల ఉల్లి జాతి కూర) చలికాలం అంతా అలాగే నిలబడి ఉన్నాయి.

అగ్రి బీఎస్సీ:
అదిగో. ఈ శిలీంధ్రం బతికున్న ఆకు మీదే బతుకుతుంది, ఎండిపోయిన చెత్తలో ఎక్కువ కాలం ఉండలేదు. చలికాలం గడపడానికి దానికి పచ్చగా ఉన్న లీక్సో చైవ్సో కావాలి, అక్కడ్నించి వసంతంలో గాలికి మీ మడికి వస్తుంది. అందుకే పంట మార్పిడి ఎంత చేసినా పక్కింటి లీక్స్ ని ఆపలేం, అది వేరే సంగతి. చైవ్స్ ని నేలమట్టానికి కోసెయ్యండి, కొత్తగా చిగురేస్తాయి. నత్రజని ఎక్కువైతే ఆకు మెత్తబడి తెగులు తొందరగా పడుతుంది, వచ్చే ఏడాది కోడి ఎరువు ఫిబ్రవరి చివర్లో ఒకసారితో ఆపండి. జులైలో తవ్వేటప్పుడు మట్టిలో రెబ్బ ఒక్కటి కూడా మిగలకుండా ఏరండి, మిగిలింది ఆగస్టు సెప్టెంబర్ లో మొలిచి రస్ట్ ని అక్టోబర్ దాకా మోసుకొచ్చి కొత్త పంటకి అందిస్తుంది.

అలాట్‌మెంట్ బాబాయ్:
ఎప్పుడు పీకాలి అన్నది ఎవరూ చెప్పలేదు. పచ్చటి ఆకులు లెక్కపెట్టు తల్లీ. వెల్లుల్లికి ఒక్కో ఆకు అడుగున గడ్డ చుట్టూ ఒక్కో పొర అవుతుంది, పైన ఆకు చచ్చిపోతే కింద ఆ పొర కూడా పల్చబడి చిరుగుతుంది. కాబట్టి బాగున్న ఆకులు ఐదారు ఉన్నంతవరకు ఉంచు, నాలుగుకి దిగితే ఇంక సైజు కోసం చూడకు, ఎండ కాసిన రోజు చూసి తవ్వెయ్. ఆలస్యం చేస్తే పొర లేక రెబ్బలు విడిపోతాయి, అవి నిలవ ఉండవు. ఈలోపు బాగా పట్టిన కింది ఆకులు రెండు మూడు తీసెయ్యొచ్చు, మొత్తం గుండు కొట్టకు. నీళ్ళు పొద్దున్నే మొక్క మొదట్లో పొయ్యి, సాయంత్రం పైపు పెట్టి తలస్నానం చేయించొద్దు. తవ్వాక ఆకులు బయటే కోసి కౌన్సిల్ బిన్ లో పడెయ్, అలాగే గరాజ్ లో వేలాడదీస్తే గరాజ్ అంతా నారింజ దుమ్ము. గడ్డలు నీడలో గాలి తగిలేలా రెండు మూడు వారాలు ఆరనివ్వు. పొర చిరిగినవి ముందు వాడుకో, వెల్లుల్లి కారం కొట్టుకుంటే ఇంకేం కావాలి.

ఒక్క జాగ్రత్త. పీకినప్పుడు గడ్డ అడుగున దూదిలా తెల్లటి బూజు, అందులో గసగసాలంత నల్ల గుళికలు కనిపిస్తే అది రస్ట్ కాదు, వైట్ రాట్ (తెల్ల కుళ్ళు తెగులు). అదుంటే ఆ మట్టిలో ఇరవై ఏళ్ళయినా ఉల్లి, వెల్లుల్లి మాట మర్చిపోవాల్సిందే.

మేడ మీద మొక్కలు:
హైదరాబాద్ లో మా టెర్రస్ మీద కుండీల్లో కూడా వెల్లుల్లి ఆకులు పాడయ్యాయి, నవంబర్ లో పెట్టాను, జనవరి నుంచి మచ్చలు, ఇదేనా? కానీ నావి నారింజ కాదు, మధ్యలో ఊదా రంగు, చుట్టూ పసుపు, కొన్ని ఆకులేమో వెండి గీతలు గీసినట్టు తెల్లబడ్డాయి.

అగ్రి బీఎస్సీ:
మీది వేరండీ, రస్ట్ మన వేడికి అంత తేలిగ్గా రాదు. ఊదా మచ్చ తెగులు మీది, వెండి గీతలు తామర పురుగులు గీకినవి. ఆకు మొదలు దగ్గర విప్పి చూడండి, పసుపు రంగు సన్నటి పురుగులు పరిగెడతాయి. పురుగు గీకిన చోటే తెగులు తేలిగ్గా దిగుతుంది, ముందు పురుగుని పట్టండి, నీలం జిగురు అట్టలు పెట్టొచ్చు. తెగులుకి మాంకోజెబ్ లీటరుకి 2.5 గ్రాములు, కొంచెం సబ్బు నీళ్ళు కలిపి, కాకపోతే కొట్టాక ఆ ఆకులు మాత్రం కూరల్లోకి కొయ్యకండి.

ఫ్రీమాంట్ వెంకీ:
గిల్‌రాయ్ మాకు దగ్గరే, వెల్లుల్లి పండగ చేసే ఊరు. 1998 లో కాలిఫోర్నియా వెల్లుల్లి పొలాలని ఈ రస్ట్ ఊడ్చిపెట్టేసింది, మందులూ మిషన్లూ ఉన్న కమర్షియల్ రైతులే తల పట్టుకున్నారు, సో పెరట్లో వచ్చిందని ఫీలవ్వకండి.

రెడింగ్ పెరడు:
థాంక్యూ అందరికీ. లెక్కపెట్టా, సగటున మొక్కకి ఆరు బాగున్నాయి, వారం చూస్తా. వచ్చే ఏడాది రస్ట్ రాని రకం ఏదైనా ఉందా బాబాయ్ గారూ?

అలాట్‌మెంట్ బాబాయ్:
అస్సలు రానిది నేను చూడలేదు. తొందరగా అయిపోయే రకం వెయ్యి, అర్లీ పర్పుల్ వైట్ లాంటిది, రస్ట్ ముదిరేలోపే గడ్డ చేతికొస్తుంది. కాకపోతే అది క్రిస్మస్ దాకా కూడా నిలవుండదు, నిలవకి సోలెంట్ వైట్ ఒక వరస పక్కన పెట్టుకో. మొక్కకీ మొక్కకీ ఒక జానెడు వదులు, కంచెకి ఆనించి కాకుండా గాలి ఆడే వైపు.