చెవులు నేరేడు పండు రంగుకు తిరిగి పందులు పోతున్నాయి, ఇప్పుడు టీకా వేయించవచ్చా?

కొల్లేరు_గట్టు:
తెలిసినవాళ్లు త్వరగా చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది. ఏలూరు దగ్గర నాకు చిన్న షెడ్ ఉంది, సీమపందులు 42 ఉండేవి. పోయిన నెలాఖరులో ఒక వ్యాపారి దగ్గర మూడు నెలల పిల్లలు 6 కొన్నాను. వేరే గది లేదు, తెచ్చిన రోజే పాతవాటితో కలిపేశాను. ఎనిమిదో రోజు కొత్తవాటిలో ఒకటి మేత ముట్టలేదు, మర్నాడు పోయింది. ఇప్పటికి మొత్తం 7 పోయాయి, అందులో 4 పాతవే, ఒకటి చూడిది. థర్మామీటర్ పెడితే 106 చూపిస్తోంది. చెవులు, పొట్ట కింద నేరేడు పండు రంగు, ఒకదానికి ముక్కులోంచి రక్తం, రెండు వెనక కాళ్లు ఈడ్చుకుంటున్నాయి.

మేత తవుడు, మొక్కజొన్న నూక, పైన టౌన్‌లో రెండు హోటళ్ల మిగులు. ఉడకబెట్టం, అలాగే పోస్తాం. ఊళ్లో మందులిచ్చే ఆయన మూడు రోజులు యాంటీబయాటిక్ వేశాడు, ఏం తేడా లేదు. ఇప్పుడు స్వైన్ ఫీవర్ (పందుల జ్వరం) టీకా తెప్పించి అన్నిటికీ వేసేద్దాం అంటున్నాడు. ఆదివారానికి మాంసం వాళ్లు 10 అడిగారు, బాగున్నవి ఇచ్చేద్దామా అని కూడా ఉంది, లోన్ కట్టాలి. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారు, ఇది మనుషులకు అంటుతుందేమోనని అమ్మ భయం.

నల్లపంది_77:
ఆదివారం దాకా ఆగకు బ్రదర్, రేపే అమ్మెయ్. మనుషులకు రాదు కాబట్టి తప్పేం లేదు. మా వైపు అందరూ చేసేది అదే, చెప్పరంతే.

పశువుల_డాక్టర్:
పై సలహా వినకండి, కారణం చెప్తాను. మీరు రాసినదాన్ని బట్టి స్వైన్ ఫీవర్ అనే అనుమానం వస్తోంది, అయితే ఆ పేరుతో రెండు జబ్బులున్నాయి, క్లాసికల్, ఆఫ్రికన్. పేరు ఒకటే గానీ వైరస్‌లు చుట్టాలు కూడా కావు, ఒకటి ఆర్‌ఎన్‌ఏ, రెండోది డీఎన్‌ఏ. బయటికి మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి, జ్వరం, చెవుల రంగు, వెనక కాళ్లు తూలడం అన్నీ. ఫోటో చూసి ఇది ఫలానా అని చెప్పేవాళ్లను నమ్మకండి, ల్యాబ్ తప్ప దారి లేదు.

టీకా క్లాసికల్‌కే ఉంది. ఒకప్పుడు దాన్ని కుందేళ్లలో పెంచి తీసేవాళ్లు, ఒక కుందేలును చంపితే సుమారు 50 డోసులు వచ్చేవి, అందుకే ఎప్పుడూ కొరతే. 2020లో ఐవీఆర్ఐ (కేంద్ర పశువైద్య పరిశోధన సంస్థ) వాళ్లు కణాల్లో పెంచే టీకా తెచ్చారు. కానీ ఇప్పటికే వైరస్ లోపలికి వెళ్లిన పందిని ఏ టీకా కాపాడదు. ఆఫ్రికన్ అయితే మన దేశంలో ఇంకా టీకానే లేదు, వియత్నాం మాత్రం 2022లో అనుమతిచ్చింది. ఇంకో ప్రమాదం ఉంది, మీ ఊరాయన ఒకే సూదితో మిగిలిన పందులన్నిటికీ పొడిచాడంటే జబ్బు లేనివాటికి కూడా ఆయనే ఎక్కించినట్టు. షెడ్‌లోకి రానివ్వకండి.

ఆఫ్రికన్ మన దాకా రాదులే అనుకునే రోజులు పోయాయి. 1921లో కెన్యాలో మొదట గుర్తించారు, 2018లో చైనాకు వచ్చి కోట్ల పందులను తినేసింది, 2020లో అస్సాం, అరుణాచల్, 2022లో వయనాడ్.

ఇక అమ్మకం. రెండూ మనుషులకు రావు, మీ అమ్మగారికి ధైర్యం చెప్పండి. (దోమల వల్ల వచ్చే మెదడువాపులో పందుల పాత్ర ఉంది, అది వేరే వైరస్. షెడ్ ఇంటికి దూరంగా ఉంటే అన్నివిధాలా మంచిది.) మనుషులకు రాదంటే అమ్మొచ్చని కాదు. జబ్బు పైకి కనిపించకముందే రక్తంలో వైరస్ ఉండొచ్చు, ఫ్రిజ్‌లో పెట్టిన మాంసంలో అది నెలల తరబడి బతుకుతుంది. మీరు అమ్మిన మాంసం ముక్క హోటల్‌కి పోతుంది, ఎంగిలిగా ఇంకో షెడ్‌కి పోతుంది. మీ షెడ్‌కి కూడా అలాగే వచ్చిందేమో, కొత్త పిల్లల మీదే నెట్టేయలేం.

చచ్చినవాటిని కోయకండి, రక్తం పడితే నేలంతా వైరసే. పశువుల హెల్ప్‌లైన్ 1962కి ఫోన్ చేయండి, మండలం డాక్టర్ గారికి కూడా చెప్పండి. ఆఫ్రికన్ అనుమానమైతే శాంపిల్ భోపాల్ ల్యాబ్‌కి పంపిస్తారు.

చిత్తూరు_ఫారం:
డాక్టర్ గారు చెప్పనిది ఒకటి చెప్తాను, డబ్బు సంగతి. ఆఫ్రికన్ అని తేలితే చుట్టూ కిలోమీటరు లోపు పందులన్నిటినీ చంపేస్తారు, 10 కిలోమీటర్ల దాకా నిఘా పెడతారు. అలా చంపినవాటికి బరువును బట్టి పరిహారం ఉంది, సగం కేంద్రం సగం రాష్ట్రం. వాటంతటవే చచ్చినవాటికి రాదు. అంటే దాచిపెట్టిన ప్రతి రోజూ పరిహారం వచ్చే పందులు రాని పందులుగా మారుతుంటాయి. పశువుల అంటువ్యాధుల 2009 చట్టం ప్రకారం చెప్పడం మన బాధ్యత కూడా.

మాకు వచ్చింది క్లాసికల్, 60లో 23 పోయాయి. మాదీ హోటల్ మిగులే. దాన్ని మానేస్తే మేత ఖర్చు గిట్టదు, ఈ మాట ఎవరూ ఒప్పుకోరు, అందుకే చెప్తున్నా. ఇప్పుడు పాత డ్రమ్ము కోసి పొయ్యి పెట్టుకున్నాను, కళపెళ మరిగాక అరగంట ఉంచి, చల్లారాక పోస్తాం. కట్టెల ఖర్చు ఉంటుంది, ఉండనీ. కొత్త పందులు వస్తే నెల రోజులు దూరంగా రేకుల పాకలో, వాటికి వేరే బకెట్, వేరే చెప్పులు. మాంసం వ్యాపారి గేటు దాటి లోపలికి రాడు, ఆ చెప్పులతో ఎన్ని షెడ్లు తిరిగాడో ఎవరికి తెలుసు.

కొల్లేరు_గట్టు:
మండలం డాక్టర్ గారు వచ్చి రక్తం తీసుకెళ్లారు, పోయినదాన్ని కూడా చూశారు. రిజల్ట్ రావాలి. ఆదివారం వాళ్లకు లేదని చెప్పేశాను, అడ్వాన్స్ తిరిగిచ్చా. హోటల్ డబ్బాలు ఆపేశాను. పొద్దున ఇంకొకటి పోయింది. ముందువాటిని కాలవ గట్టున పడేయించాను, తప్పే. ఇప్పుడు గొయ్యి ఎంత లోతు తీయాలి? మా బోరు షెడ్‌కి 40 అడుగుల్లోనే ఉంది.

పశువుల_డాక్టర్:
బోరు పక్కన అస్సలు వద్దు, కాలవ వైపు కూడా వద్దు. మీ చేలో ఎత్తయిన మూల చూసి కనీసం 6 అడుగులు తీయండి, మీ వైపు నీళ్లు పైకే ఉంటాయి కాబట్టి తవ్వుతుంటే నీరు ఊరితే అక్కడ ఆపేసి చోటు మార్చండి. చోటు మండలం డాక్టర్ గారికి చూపించాకే తవ్వించండి. పైన సున్నం దట్టంగా చల్లి, మట్టి పూడ్చి, కుక్కలు తోడకుండా ముళ్లకంప వేయండి. గట్టు మీదవి కూడా ఈరోజే తెప్పించి అందులోనే వేయండి, మోసిన బండి కడిగి ఎండలో పెట్టండి.