హాలోవీన్ గుమ్మంలో దసరా పాట: విసవిసలా, రుసరుసలా?

పారిజాతం: అందరికీ నమస్కారం. మేముండేది అయోవా రాష్ట్రంలో, డి మోయిన్. హాలోవీన్ పద్ధతి ఇక్కడ కాస్త వేరు. పిల్లలు సంచీ చాపి ఊరుకుంటే చాక్లెట్ రాదు. గుమ్మంలో నిలబడి ఒక జోకో పొడుపుకథో చెప్పాలి. పేరు బెగ్గర్స్ నైట్. 1938లో పెట్టిన ఆచారమట, చాలా ఏళ్ళు అక్టోబర్ 30నే జరిపేవారు. పోయినేడు మా పాప మన 'కిటకిట తలుపులు కిటారు తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు' పొడుపుకథని ఇంగ్లీషు చేసుకుని ఇంటింటా అడిగింది. ఎదురింటి పెద్దాయన చాక్లెట్ గిన్నె ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూర్చుండిపోయి, చివరికి తన కనురెప్పలే జవాబని తెలిసి ఎంత మురిసిపోయాడో.

ఈ ఏడు మా అమ్మ తెనాలి నుంచి వచ్చి ఉంది. సంగతి వినగానే "ఇది మన దసరా పాటే కదే" అని అందుకుంది. 'ఏదయా మీ దయ మామీద లేదు, ఇంతసేపుంచుట ఇది మీకు తగదు' వరకూ బాగానే సాగింది. తరవాతి చరణం దగ్గరే పేచీ. అమ్మ 'దసరాకు వస్తిమని విసవిసలు బడక' అంటుంది. కాకినాడలో పెరిగిన మా వారు 'రుసరుసలు' అంటారు. నాకు బళ్ళో నేర్పింది 'విసుగులు'. ఈసారి పాపకి ఈ పాటే నేర్పుదామనుకుంటున్నాం. ఏది సరైన పాఠం?

గోదారిగట్టు: విసవిసలే. సందేహం లేదు. మా అయ్యవారు మమ్మల్ని వెంటేసుకుని తిప్పినప్పుడు అదే పాడించారు. చేతిలో రంగుకాగితాలు అంటించిన విల్లు, వెదురు బాణం. బాణం బొంగులో బుక్కాపొడి కూరి, తాడు లాగి వదిలితే ఎదుటివాళ్ళ చొక్కా నిండా గులాబిరంగు. ఇంటివాళ్ళు అయ్యవారికి తాంబూలంలో డబ్బులు పెట్టేవారు, మాకు దోసిట్లో పుట్నాలపప్పూ బెల్లమ్ముక్కా. బెల్లం చేతికి అంటుకుంటే బుక్కాతో కలిసి వేళ్ళన్నీ ఎర్రగా జిగటగా అయ్యేవి.

ప్రాసయతి: పాట ఇష్టం కొద్దీ కాదు, లెక్క చూసి తేలుద్దాం. ఇది ఖండగతి. ఐదేసి మాత్రలు మూడు, చివర మూడు మాత్రలు. 'ఏదయా, మీదయ, మామీద, లేదు'లో రెండోది నాలుగే మాత్రలు గానీ ద్విపద గణాలకి కచ్చితంగా సరిపోతుంది: రగణం, భగణం, తగణం, హగణం. 'ఇంతసేపుంచుట ఇది మీకు తగదు' కూడా తప్పులేని ద్విపద పాదం, యతితో సహా. మన చరణంలో యతి లేదు కదా అనకండి. 'దస'కి 'విస', మొదటి అక్షరానికి బదులు రెండో అక్షరం కలిసే ప్రాసయతి. అదే పాటలో 'హెచ్చు రూపాయైతె పుచ్చుకుంటాము' చూడండి, హెచ్చుకి పుచ్చు. కట్టినవాడెవడో గాని ఛందస్సు తెలిసినవాడు.

పారిజాతం: అయితే విసవిసలే ఖాయమా మాస్టారూ?

ప్రాసయతి: అక్కడే చిక్కు. 'రుస'లోనూ స ఉంది, 'విసు'లోనూ స ఉంది. మూడింటికీ మొదటి అక్షరం లఘువే. 'విసుగులు పడక' అన్నా నాలుగు లఘువులు నలం, తరవాత నగణం, ద్విపదకి చాలు. ఛందస్సు మూడు పాఠాలనీ గడప దాటనిస్తుంది. అర్థం చూసుకోవాలి.

గోదారిగట్టు: అర్థం చూస్తే మరీ తేలిక. విసవిసా నడిచి వెళ్ళిపోయింది అంటాం. మొహం ముడుచుకుని, వెనక్కి చూడకుండా చరచరా పోవడం. పిల్లలు గుమ్మంలో నిలబడ్డారు, ఇంటాయన లోపలికి విసవిసా పోబోతున్నాడు. అలా పోకండి మహాప్రభో అంటున్నారు. దృశ్యం కళ్ళకి కట్టడం లేదూ?

కొండపిండి: దృశ్యం బాగుంది. వ్యాకరణం కుదరలేదు. విసవిస నడకకి విశేషణం. దాన్ని నామవాచకం చేసి 'లు' తగిలించి, ఆపైన 'పడు' చేర్చడం ఎక్కడైనా విన్నారా? రుసరుసలాడు అనే మాట ఇంటింటా ఉంది. విసుగు పడు అనే మాటా ఉంది. 'విసవిసలు పడు' ఈ పాటలో తప్ప ఎక్కడా వినం. నోట నోట పడి 'విసువు'కి 'రుసరుస' అతుక్కుని పుట్టిన మాట అని నా అభిప్రాయం.

గోదారిగట్టు: ఈ పాటలో తప్ప ఎక్కడా లేకపోవడమే అది అసలుదనడానికి గుర్తు. తెలిసిన మాట ఉండగా తెలియని మాటని ఎవరు చొప్పిస్తారు? తెలియని మాటనే తెలిసినదానితో మారుస్తారు. మీ రుసరుసలు అలా వచ్చినవే.

గ్లాస్గో తెలుగు: మధ్యలో వస్తున్నాను. పారిజాతం గారూ, మీ ఊరి ఆచారం మూలం మా వైపుది అయ్యుండాలి. స్కాట్లాండ్‌లో దీన్ని గైజింగ్ అంటారు. పిల్లలు వేషం కట్టి వచ్చి పాటో పద్యమో జోకో వినిపించాలి, అప్పుడే వేరుశనక్కాయలో యాపిల్ పండో ఇస్తారు. ఇప్పుడు చాక్లెట్లు ఎక్కువయ్యాయి, అయినా "ఏం వినిపిస్తావమ్మా?" అని అడిగే ముసలివాళ్ళు మా వీధిలో ఇంకా ఉన్నారు. మిఠాయి ఇస్తావా, అల్లరి చెయ్యనా అనే బెదిరింపు మాట ఉత్తర అమెరికాది. 1927లో కెనడాలోని ఆల్బర్టా పత్రికలో అచ్చయింది.

ఇక్కడి మా పిల్లలకి అన్నిటికంటే ఇష్టమైనది ఏదని అడిగితే చాక్లెట్ అనరు. పెద్దవాళ్ళు తమ మాట వినడానికి ఆగుతారు కదా, అదే అంటారు. నాకు మాత్రం టర్నిప్ దీపం. గుమ్మడికాయ అమెరికా వెళ్ళాక దొరికింది గానీ ఐర్లాండ్‌లోనూ ఇక్కడా మొదట తొలిచినది టర్నిప్ దుంపనే. చెంచాతో తొలుస్తుంటే మణికట్టు లాగేస్తుంది. లోపల కొవ్వొత్తి వెలిగించాక మూత అడుగు మాడి వచ్చే ఘాటు వాసన ఇల్లంతా పట్టేస్తుంది. ఆ వాసన రానిదే నాకు హాలోవీన్ వచ్చినట్టుండదు.

కాకతీయ తోరణం: మా దిక్కు ఈ దసరా పాట లేదు. దసరా అంటే మాకు బతుకమ్మ, జమ్మి. ఇల్లిల్లు తిరిగి అడుగుడు మాత్రం కాముని పున్నంకు ఉంటది. జాజిరి. ఎన్నెల రాత్రుల పోరగాండ్లందరం కోలలు వట్టుకొని పోయేది. 'రింగు రింగు బిళ్ళ, రూపాయి దండ, దండ గాదురా దామెర మొగ్గ' అనుకుంట కోలలు గొడితే, గింజలో పైసలో ఏస్తరు. పారిజాతమక్కా, బిడ్డకు ఇది నేర్పురి. రెండు కట్టెలు చేతికిస్తే సాలు, ఆ లయకు తెలుగు రానోళ్ళు సుత కాలు కదుపుతరు.

పారిజాతం: అన్నా, ఎంత బాగుందో. పూర్తిగా రాసి పెట్టగలరా? దామెర మొగ్గ తరవాత ఏమొస్తుంది?

కాకతీయ తోరణం: ఊరికో తీరుగ పాడుతరు. మా అమ్మను అడిగి రాస్త.

కొండపిండి: ఇంగ్లండులోనూ ఇటువంటిదే ఒకటుండేది. సోలింగ్. ఆత్మల పండుగ నాడు బీదవాళ్ళు ఇంటింటికీ వెళ్ళి, ఆ ఇంట్లో పోయినవాళ్ళ కోసం ప్రార్థిస్తామని చెప్పి చిన్న రొట్టెలు తీసుకునేవారు. అక్కడ ప్రార్థన, స్కాట్లాండ్‌లో పద్యం, డి మోయిన్‌లో జోకు, మన దగ్గర ఆశీర్వచనం. 'జయీభవ దిగ్విజయీభవ' అని దీవించి మరీ పుచ్చుకుంటారు కదా. ఊరికే తీసుకోవడం ఎక్కడా లేదు.

వినుకొండ: మీరందరూ మిఠాయి దగ్గరే ఆగిపోయారు. హాలోవీన్ అసలు రుచి భయంలో ఉంది. మా అబ్బాయి డాలస్‌లో ఇంటి ముందు పచ్చిక మీద అట్టతో సమాధులు నిలబెట్టి, చెట్టుకి ప్లాస్టిక్ గుడ్లగూబలు కట్టి ఫొటో పంపాడు. చూడగానే నా నోట వచ్చినది జాషువా. 'దయ్యాలతో ఘూకంబుల్ చెరలాడసాగినవి'. గుడ్లగూబలు దయ్యాలతో ఆటలాడుకుంటున్నాయట! భయపెట్టే చోట 'చెరలాడ' అనే ముద్దుమాట వేశాడు మహానుభావుడు. పిల్లలు ఏటిలో చెరలాడతారు, లేళ్ళు అడవిలో చెరలాడతాయి. ఆ మాట తెచ్చి కాట్లో పెట్టాడు. నల్లటి గౌను వేసుకుని, పళ్ళు పెట్టుకుని, పక్కింటి పిల్లల్ని తరుముతూ పడీ పడీ నవ్వే పిల్లల్ని చూస్తే ఆ ఒక్క క్రియాపదమే గుర్తొస్తుంది నాకు.

గోదారిగట్టు: ఆహా. హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను వస్తే తెల్లవారుజాము దాకా కూర్చునేవాళ్ళం. ఆ పద్యానికి వన్స్‌మోర్ పడని ఊరు లేదు.

ప్రాసయతి: శార్దూలం. అందులోనే 'దాకల్లాడిన జాడ లేదిచట' అని వస్తుంది, దాని మాటేమిటి వినుకొండ గారూ? రంగస్థలం మీద చాలామంది 'దాకల్లాడిన' అని ఒక్క మాటలా పాడేస్తారు.

వినుకొండ: పాడేవారి తప్పు కాదండీ. మూడో పాదం 'యిక్కాటియం' దగ్గర తెగుతుంది, నాలుగోది 'దాకల్లాడిన' అని మొదలవుతుంది. ఇక్కాటియందు, ఆకు, అల్లాడిన. గాలికి ఆకు కదిలిన జాడైనా లేదు అని. రాగం తీసేటప్పుడు పాదం చివర ఆగక తప్పదు, ఆగితే ఆకు విరిగిపోతుంది.

ప్రాసయతి: ఆకుని అలా విరవకపోతే ప్రాస నిలవదు. ఆకాశంబున, ఘూకంబుల్, గాకోలంబులు, దాకల్లాడిన. నాలుగు పాదాల్లో రెండో అక్షరం కకారం. ప్రాస కోసం సంధిని పాదం చివరికి నెట్టాడు గాని, అర్థం ఎంత తేలిగ్గా దాటిందో చూడండి.

వినుకొండ: ప్రాస కోసమే అంటే ఒప్పుకోను. పైపాదంలో గుండె ఝల్లుమన్నాక ఊపిరి బిగబట్టడానికి ఆ విరుపు. అక్కడ శ్రోత కూడా ఆగుతాడు. జాషువాకి ప్రాస కోసం పడిగాపులు కాయవలసిన అవసరం ఏనాడూ లేదు.

కొండపిండి: ఘూకమూ కాకోలమూ ఒకే పద్యంలో. గుడ్లగూబ, బొంతకాకి. హాలోవీన్ దుకాణంలో అమ్మే పక్షులు కూడా ఈ రెండే. ఏ దేశంలోనైనా చీకటికి పక్షులు ఇవేనేమో. 'చెరలాడ'లో ఉన్నది సాధురేఫమా, శకటరేఫమా? బండి ఱ పెడితే చెఱసాల గుర్తొస్తుంది.

వినుకొండ: సాధురేఫమే. చెఱకి దీనికి చుట్టరికం లేదు.

కొండపిండి: అంత గట్టిగా అనకండి. నేను పాత అచ్చులో బండి ఱతో చూసినట్టు గుర్తు. ఇంట్లో ప్రతి వెతికి చెబుతాను.

గ్లాస్గో తెలుగు: వినుకొండ గారు భయం అన్నారు గానీ, నేను చూసినంతలో పిల్లలకి భయపడటం కన్నా భయపెట్టడం ఇష్టం. ఏడాది పొడుగునా "అటు వెళ్ళకు, ఇది ముట్టుకోకు" అనే పెద్దవాళ్ళు ఆ రాత్రి వాళ్ళని చూసి కెవ్వుమని అరుస్తారు. నాలుగేళ్ళ పిల్ల దుప్పటి కప్పుకుని 'బూ' అంటే ఆరడుగుల మనిషి గుండె పట్టుకుంటాడు. ఆ అధికారం వాళ్ళకి ఇంకెక్కడ దొరుకుతుంది?

పారిజాతం: అది నిజమండీ. మా పాపనీ అడిగాను ఏది ఇష్టమని. ఇంటికొచ్చాక నేల మీద అన్నీ పోసి, స్నేహితురాలితో మార్పులు చేసుకోవడమట. వేరుశనగ ఉన్నవి రెండిచ్చి కారమెల్ ఉన్నది ఒకటి పుచ్చుకుంటుంది. ఆ బేరం జరిగేటప్పుడు మమ్మల్ని గదిలోకి రానివ్వదు. మా అమ్మకి ఇష్టమైనది వరండా దీపం. దీపం వెలిగి ఉంటే రావచ్చు, ఆర్పి ఉంటే రావద్దు, ఎవరి మనసూ నొప్పించక్కర్లేదు అంటుంది. 'రేపు రా మాపు రా మళ్ళి రమ్మనక' అని పాడుకోవలసిన పని ఈ ఊళ్ళో లేదట.

గోదారిగట్టు: మీ అమ్మగారికి ఆ చరణం కూడా వచ్చా! అయితే పాట మొత్తం ఆవిడ దగ్గరే ఉంది. ఆవిడ విసవిసలంటే విసవిసలే.

కొండపిండి: ఒక్క తెనాలి సాక్ష్యంతో తీర్పు ఇవ్వలేం. కాకినాడ సాక్ష్యం రుసరుసలకి ఉంది. ఉత్తరాంధ్ర వాళ్ళు, సీమ వాళ్ళు ఎలా పాడతారో చెప్పాలి.

ప్రాసయతి: ఈలోగా తరవాతి చరణం సరిచేసుకోండి. 'బహుమానములిచ్చి' అంటే రెండో గణం చాలదు, లఘువు తగ్గుతుంది. 'బహుమానములనిచ్చి పంపుడీ వేగ' అనాలి. బకి పంకి యతి కూడా చక్కగా ఉంది. పాపకి ఇది మాత్రం తప్పు నేర్పకండి.

పారిజాతం: రాసుకున్నాను మాస్టారూ. ఇంకొకటి అడగాలి. 'పావలా బేడైతె పట్టేది లేదు' అనే చోట ఇక్కడి వాళ్ళకి పావలా, బేడ ఎలా చెప్పను? పాట తెలుగులోనే పాడుతుంది, అర్థం మాత్రం ఇంగ్లీషులో ఒక ముక్క చెప్పాలనుకుంటోంది.

గ్లాస్గో తెలుగు: చిన్న చాక్లెట్ అయితే పుచ్చుకోం, పెద్దదే కావాలి అని చెప్పమనండి. ఏ ఊళ్ళోనైనా అర్థమైపోతుంది.

గోదారిగట్టు: బేడ అంటే రెండణాలు. పావలా బేడ కలిస్తే ఆరణాలు. ఆ లెక్క చెప్పకుండా వదలకండమ్మా.

కొండపిండి: ఆరణాలా? అక్కడ 'పావలా, బేడా' అని విడివిడిగా అర్థం చేసుకోవాలి. పావలా ఇచ్చినా, బేడ ఇచ్చినా పట్టం అని.

ప్రాసయతి: తరవాత అర్ధరూపాయి, ఆపైన ముప్పావలా, ఆపైన రూపాయి. మెట్లు ఎక్కుతున్నాడు చూడండి. నాలుగణాలు, ఎనిమిది, పన్నెండు, పదహారు. మధ్యలో ఆరు ఎందుకొస్తుంది? 'పావలా అయితేను' అనే పాఠమే సరైనది.

గోదారిగట్టు: మా అయ్యవారు 'బేడైతె' అనే పాడించారు.