మెట్రో బోగీ షాట్లలో నల్లచారలు: షట్టర్ ఎంత పెట్టాలి?

భూగర్భ మెట్రో మీద 12 నిమిషాల డాక్యుమెంటరీ ఎడిటింగ్‌లో ఉంది. కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుగు పడే సమయం) 1/50 సెకను, ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా సున్నితత్వం) 1600తో తీశాం. ప్లాట్‌ఫామ్ షాట్లు శుభ్రంగా వచ్చాయి. బోగీలోకి వెళ్లగానే అడ్డంగా నల్లచారలు, కింది నుంచి పైకి పాకుతూ.

1/100 పెడితే ఇంకా ముదిరాయి. 1/60 దగ్గర పలచబడ్డాయి గానీ పోలేదు. బోగీ ఎల్ఈడీలకు కరెంటు రైల్లోని కన్వర్టర్ నుంచి వస్తుంది కదా, అందుకే బయటి 50 హెర్ట్జ్ లెక్క అక్కడ కుదరడం లేదనుకుంటున్నాను. ఎడిటింగ్‌లో డీఫ్లికర్ (వెలుగు మినుకును తగ్గించే ఎఫెక్ట్) కూడా వాడాను. అది ఫ్రేము మొత్తం వెలుగును సరిచేసిందే తప్ప చారల్ని పట్టలేదు, పైగా కదిలే ముఖాల వెంట నీడ మిగిల్చింది.

మళ్లీ తీయడానికి ఒకే రాత్రి, 2 గంటల అనుమతి దొరికింది. కెమెరాలో షట్టర్‌ను సన్నసన్నగా మార్చే సింక్రో స్కాన్ ఉంది. చిక్కల్లా ఒక్క షాటు: తలుపు తెరుచుకోగానే బోగీ లైట్లు, ప్లాట్‌ఫామ్ లైట్లు ఒకే ఫ్రేములో పడతాయి. సినిమాకు అదే ప్రాణం, వదులుకోలేను.

ఆ షాటులో బోగీ చారలు పోయేలా షట్టర్ పెడుతూనే, ప్లాట్‌ఫామ్ లైట్లు మినుకుమనకుండా ఎలా చూడాలి?