దసరా సెలవులకు తూర్పు ఆఫ్రికా తీరం: డయానీయా, వటామూనా, జాంజిబారా?

ప్రశ్న: కోట జంక్షన్ (విజయనగరం)

అందరికీ నమస్కారం. దసరా సెలవుల్లో తూర్పు ఆఫ్రికా సముద్ర తీరానికి వెళ్లాలని మా ఇంట్లో రెండేళ్లుగా డబ్బు కూడబెట్టుకుంటున్నాం. నేను, నా భార్య, తొమ్మిదేళ్ల మా అబ్బాయి, అరవై ఎనిమిదేళ్ల మా అమ్మ, మొత్తం నలుగురం. కెన్యాలోని డయానీ, వటాము, టాంజానియాలో భాగమైన జాంజిబార్ దీవి, ఈ మూడింటిలో ఏది ఎంచుకోవాలో తేలడం లేదు. ఫొటోలు చూస్తే మూడు చోట్లా అదే తెల్లని ఇసుక, అవే కొబ్బరిచెట్లు.

మా అబ్బాయిని చింతపల్లి తీరంలో మోకాలి లోతు దాటి ఎప్పుడూ దిగనివ్వలేదు. అక్కడైనా వాడిని నిశ్చింతగా నీళ్లలో వదలాలని నా కోరిక. అమ్మ మాంసం, చేపలు ముట్టదు. నవరాత్రుల్లో ఊరు విడవడం ఆమెకు ఇష్టం లేకపోయినా మనవడి కోసం ఒప్పుకుంది గాని, విజయదశమి తరవాతి మంగళవారం జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాటికి ఇంటికి చేరి తీరాలని షరతు పెట్టింది. ఆ షరతులో బేరానికి తావు లేదు. దసరాకు కుదరకపోతే సంక్రాంతికో, వేసవి సెలవులకో వాయిదా వేసుకుంటాం. అనుభవం ఉన్నవారు సలహా ఇవ్వగలరు.

జవాబు: బారువ తీరం (సోంపేట)

కోట జంక్షన్ గారూ, నేను కెన్యా తీరంలోని మొంబాసా నగరంలో ఒక కర్మాగారంలో ఆరేళ్లు పనిచేసి వచ్చాను. ముందుగా వేసవి సెలవుల ఆలోచన మానుకోండి. మనకు ఎండలు మండే ఏప్రిల్, మే నెలలే అక్కడ పెద్ద వానల కాలం. స్వాహిలీలో మసికా అంటారు. ఆ రోజుల్లో గదులు చవకగా దొరకడానికి కారణం అదే. సంక్రాంతి వేళ కస్కాజీ అనే ఈశాన్య గాలి వీస్తూ ఆకాశం తేటగా ఉంటుంది, ఉక్కపోత మాత్రం తప్పదు. నన్ను అడిగితే దసరా రోజులే మేలు. ఆగ్నేయం నుంచి వీచే కూసీ గాలి అప్పటికి నెమ్మదిస్తుంది, చిన్న వానలు సాధారణంగా నవంబరులో గాని పట్టుకోవు.

ఇక అసలు సంగతి ఆటుపోట్లు. మన తీరంలో పోటుకూ ఆటుకూ మధ్య నీటిమట్టం తేడా ఒకటిన్నర మీటరుకు అటూఇటూగా ఉంటుంది కాబట్టి మనం దాన్ని లెక్కలోకి తీసుకోం. అక్కడ అమావాస్యకూ పౌర్ణమికీ అది దాదాపు నాలుగు మీటర్లకు చేరుతుంది. తీరం పొడవునా పగడపు దిబ్బ అడ్డుగోడలా ఉండడం వల్ల పెద్ద అలలు దానికే కొట్టుకుని విరిగిపోతాయి, లోపల నీళ్లు చెరువులా నిలకడగా ఉంటాయి. పిల్లలకు ఇంతకన్నా క్షేమమైన సముద్రం మన వైపు దొరకదు. అయితే ఆటు సమయంలో ఆ నీళ్లు తగ్గిపోతాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఆటు సుమారుగా ఉదయం పది, పదకొండు గంటలకు వస్తుంది, అంటే ఫలహారం ముగించి తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లేసరికి నీళ్లు ఉండవు. అష్టమి తరవాత ఒకటి రెండు రోజులు తేడా బాగా తగ్గి, ఉదయం పూట నీళ్లు నిండుగా ఉంటాయి.

పంచాంగం చేతిలో ఉంటే ఆటుపోట్ల పట్టిక సగం చేతిలో ఉన్నట్టే. దసరా సెలవులు మీకు కలిసొచ్చేది ఇక్కడే: నవరాత్రులు అమావాస్య మరునాడు మొదలవుతాయి, నవమి దశముల నాటికి ఆటుపోట్ల తేడా చిన్నదవుతుంది. తీరంలో ఉండే నాలుగు రోజులు అష్టమి నుంచి ఏకాదశి వరకు పడేట్టు చూసుకోండి.

నా ఓటు డయానీకి. ముంబయి నుంచి నైరోబీకి సుమారు ఆరు గంటల నేరు విమానం, అక్కడి నుంచి డయానీ పక్కనే ఉన్న ఉకుండాకు గంట ప్రయాణం. 2017లో మొదలైన రైలులో నైరోబీ నుంచి మొంబాసాకు రావచ్చు గాని, ఆ తరవాత దక్షిణంగా మరో ముప్పై కిలోమీటర్ల పైచిలుకు వెళ్లాలి. తీరం వెడల్పుగా ఉంటుంది, తారు రోడ్డు, ఆసుపత్రులు, దుకాణాలు అందుబాటులో ఉంటాయి. చెట్ల మీద నలుపు తెలుపుల కొలొబస్ కోతులను చూస్తే మీ అబ్బాయి ఇక సముద్రం వంక చూడడు. షిమోనీ నుంచి పడవలో కిసీటె సముద్ర ఉద్యానానికి ఒక రోజు వెళ్లి రండి. ఒడ్డున సరుకులు అమ్మేవారు, పడవ షికారుకు పిలిచేవారు వెంటబడతారు; విసుక్కోకుండా "హపానా, అసాంటే" అంటే, వద్దు, ధన్యవాదాలు అని అర్థం, రెండో రోజుకు ముఖాలు గుర్తుపట్టి వదిలేస్తారు.

వటాము అందమైనదే. అక్కడి సముద్ర ఉద్యానం 1968 నాటిది, గెడే శిథిల నగరం దగ్గరలోనే ఉంది. కాని అక్కడి అందమంతా ఆటు వేళ బయటపడే రాళ్ల మధ్య మడుగుల్లో ఉంటుంది, మీ అమ్మగారికి ఆ రాళ్ల మీద నడక కష్టం. లాము దీవి సోమాలియా సరిహద్దు వైపు ఉంది, కుటుంబంతో మొదటిసారి వెళ్లేవారికి నేను చెప్పను.

ఒక హెచ్చరిక. స్వాహిలీలో గంటలను సూర్యోదయం నుంచి లెక్కపెడతారు, మన జాముల లెక్కలాగే. మన ఏడు గంటలు వారికి ఒంటిగంట. వెళ్లిన కొత్తలో పడవవాడు "సా తాతు", అంటే మూడు గంటలు, అన్నాడని నేను మధ్యాహ్నం భోజనం చేసి తాపీగా ఒడ్డుకు వెళ్లాను. అతని మూడు గంటలు ఉదయం తొమ్మిది. పడవ నన్ను వదిలేసి అప్పటికే వెళ్లి తిరిగి వచ్చి, ఇసుక మీద ఆరుతోంది.

జవాబు: బొబ్బిలి వీణ (బొబ్బిలి)

బారువ గారు ఆటుపోట్ల గురించి చెప్పినది అక్షరాలా నిజం, కాని ఆ నిజమే నన్ను జాంజిబార్ వైపు మొగ్గేట్టు చేస్తోంది. 2023లో జాంజిబార్‌లో ప్రారంభమైన మద్రాసు ఐఐటీ ప్రాంగణంలో మా అక్క కొడుకు చదువుతున్నాడు. వాడిని చూడడానికి వెళ్లి మేము తొమ్మిది రోజులు ఉన్నాము.

జాంజిబార్ అంతా ఒకటే తీరం అనుకోకండి. తూర్పున ఉన్న పాజె, జాంబియానీ గ్రామాల వద్ద ఆటు వేళ సముద్రం కిలోమీటరు దూరం వెనక్కి పోతుంది. మేము వెళ్లినది పౌర్ణమి మరునాడు. బురద కలిసిన తెల్లని ఇసుకలో చిన్న చిన్న కర్రలు పాతి, వాటి మధ్య తాళ్లు కట్టి, ఆ తాళ్లకు నాచు మొక్కలను ముడివేస్తూ ఆడవాళ్లు నడుములు వంచి పనిచేస్తున్నారు. ఆ వంగడం చూస్తే మన నాట్లే గుర్తుకొచ్చాయి. నాకు ఆ దృశ్యం మరువరానిది, ఈత కోసం వచ్చిన మా పిల్లలకు మాత్రం ఏడుపు ముఖం. ఉత్తర కొసన ఉన్న నుంగ్వీ, కెండ్వా ఊళ్లలో అలా కాదు, ఒడ్డు నుంచే లోతు ఉండడం వల్ల దాదాపు రోజంతా ఈదవచ్చు. తిథులు చూసుకునే అవసరం కూడా అక్కడ అంతగా ఉండదు. నుంగ్వీలో రద్దీ, రాత్రి పాటల హోరు ఎక్కువ; పెద్దావిడ ఉన్నారు కాబట్టి కెండ్వాలో ఊరికి కాస్త ఎడంగా ఉన్న బస చూసుకోండి.

ఇంకొక మాట. మన తీరంలో సూర్యుడు సముద్రంలోంచి లేవడమే చూశాం గాని, సముద్రంలోకి దిగడం చూడలేదు. డయానీ కూడా తూర్పు ముఖమే. కెండ్వా పడమటి ముఖం. మా అత్తగారు రోజూ సాయంత్రం కుర్చీ వేయించుకుని, ఆ ఎర్రటి గుండ్రం నీళ్లలో పూర్తిగా మునిగేదాకా లేచేవారు కాదు.

విమానాశ్రయం నుంచి కెండ్వాకు అరవై కిలోమీటర్ల దాకా, గంటన్నర ప్రయాణం. తిరుగు ప్రయాణానికి ముందు జాంజిబార్ పాత నగరమైన రాతి పట్టణంలో (స్టోన్ టౌన్) ఒక రాత్రి ఉండండి, కాని అక్కడి పాత ఇళ్లలో మెట్లు నిటారుగా ఉంటాయి కాబట్టి కింది అంతస్తులో గది కావాలని ముందే అడగండి. ఒడ్డు దాటి ఊళ్లోకి వెళ్లేటప్పుడు భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోవడం మర్యాద. భోజనానికి భయం లేదు: కొబ్బరిపాలతో వండిన అన్నం, కొబ్బరిలో ఉడికించిన చిక్కుడు గింజలు, చపాతీలు అంతటా దొరుకుతాయి. "బీలా న్యామా, బీలా సమాకి" అనండి, మాంసం లేకుండా, చేప లేకుండా అని. నీళ్లలో నల్లటి ముళ్ల బంతుల్లాంటి జీవులు ఉంటాయి, తొక్కితే ముల్లు విరిగి కాలిలో ఉండిపోతుంది. నలుగురికీ రబ్బరు చెప్పులు ఇక్కడే కొనండి. డాల్ఫిన్ల పేరుతో కిజింకాజీకి తీసుకువెళ్తామంటారు. పది పడవలు కలిసి ఆ మూగజీవాలను తరమడం చూసి మేము సిగ్గుపడి వచ్చేశాము.

జవాబు: కోట జంక్షన్

ఇద్దరికీ కృతజ్ఞతలు. నా భార్య కెండ్వా అంటోంది, మా అబ్బాయి కోతులు అంటున్నాడు. అమ్మకు రక్తపోటు ఉంది, అదుపులోనే ఉంది. టీకాల విషయం ఎవరైనా చెప్పగలరా?

జవాబు: టెక్కలి మాస్టారు (టెక్కలి)

మీ నిర్ణయం బహుశా ఇక్కడే తేలిపోతుంది. భారత ప్రభుత్వం పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) ఉన్నట్టు గుర్తించిన దేశాల్లో కెన్యా ఒకటి. అక్కడి నుంచి తిరిగి వచ్చేవారి వద్ద ఆ టీకా ధ్రువపత్రం లేకపోతే విమానాశ్రయం నుంచే ఆరు రోజుల దాకా విడిగా ఉంచవచ్చు, సిరిమాను సంగతి అప్పుడు అమ్మవారే చూసుకోవాలి. టీకాను ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలోనే, ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. అది బతికున్న వైరస్‌తో చేసిన టీకా. అరవై దాటినవారిలో తీవ్రమైన దుష్ఫలితాలు అరుదే అయినా, చిన్నవారితో పోలిస్తే ఎక్కువ. కనుక మీ అమ్మగారిని వైద్యునికి చూపించకుండా కెన్యా టిక్కెట్లు కొనకండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ టాంజానియాను ఈ జ్వరం ముప్పు తక్కువగా ఉన్న దేశంగానే చూస్తుంది. అయితే కెన్యా, ఇథియోపియాల మీదుగా వెళ్తే మళ్లీ అదే చిక్కు రావచ్చు, గల్ఫ్ నగరాల మీదుగా వెళ్లడం మేలు. ఆ మార్గానికి వర్తించే నిబంధనలను టిక్కెట్టుకు ముందు అధికారికంగా సరిచూసుకోండి. మలేరియా జాగ్రత్తలు రెండు చోట్లా తప్పవు, మాత్రల గురించి కూడా అదే వైద్యుణ్ణి అడగండి. ఖర్చులో టాంజానియా వీసాకు మనిషికి 50 డాలర్లు, 2024 అక్టోబరు నుంచి జాంజిబార్ తప్పనిసరి చేసిన బీమాకు పెద్దవారికి 44 డాలర్లు కలుపుకోండి.

జవాబు: కోట జంక్షన్

నిన్న సాయంత్రం వైద్యుణ్ణి కలిశాం. అమ్మకు ఆ టీకా వద్దన్నారు. కాబట్టి కెండ్వాయే. సప్తమి నాటికి దీవికి చేరి, ఏకాదశి దాకా తీరంలో, ఒక రాత్రి రాతి పట్టణంలో ఉండి, ఆదివారానికి ఇల్లు చేరేట్టు టిక్కెట్లు చూస్తున్నాను. తన దసరా పూజ అక్కడ గదిలోనే చేసుకుంటానని అమ్మ అంటోంది, పటం, కుంకుమ భరిణె, పచ్చళ్లు ఇప్పటి నుంచే పక్కన పెడుతోంది.

జవాబు: బారువ తీరం

నా ఓటు ఓడిపోయినా సంతోషమే. ఆ రోజుల్లో సూర్యుడు అక్కడ దాదాపు నడినెత్తి మీద ఉంటాడు, మధ్యాహ్నం నీడ కాళ్ల కిందే పడుతుంది. పన్నెండు నుంచి మూడు దాకా అబ్బాయిని నీళ్లలోకి పంపకండి. అమ్మగారి పచ్చళ్లను స్టీలు డబ్బాల్లో సర్దమనండి. టాంజానియా 2019 జూన్ నుంచి ప్లాస్టిక్ సంచులను నిషేధించింది, క్యారీ బ్యాగుల్లో చుట్టి తీసుకెళ్తే విమానాశ్రయంలోనే విప్పి పారేయవలసి వస్తుంది, నూనె పెట్టెలో బట్టల మీద పడుతుంది.